షాన్యా కొరికిన వెదురు

గ్వేలాన్ జల్లెడను వాగులో ముంచి, ఎండిన పాండా పెంటికను వేళ్లతో మెల్లగా విప్పుతోంది. మంచు కరిగిన నీళ్లకు చేతులు ఎర్రబారాయి. పైపొర కొట్టుకుపోయాక మిగిలిన వెదురు ముక్కలను ఏరి, రాతి పలక మీద వరుసగా పేర్చింది.

గట్టు మీద మా పాండా సంరక్షణ స్టేషన్ అధికారి పాంగ్ ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు. షాన్యా పేరుతో పంపిన నమూనా పొరపాటున వేరే పాండాదని ఒప్పుకుంటూ గ్వేలాన్ దాని మీద సంతకం చెయ్యాలి.

షాన్యా బోనులో పుట్టిన పడుచు పాండా. కొండ మీద కంచె వేసిన అడవిలో వదిలి, మొక్కజొన్న రొట్టెలు మాన్పించి, ఏడాదిగా ఉత్త వెదురు మీదే పెంచుతున్నాం. దాని పేగుల్లోని బ్యాక్టీరియా బోను పాండాలకంటే కొండ పాండాలకే దగ్గరగా ఉందని నగరంలోని ల్యాబు రాసింది. పాంగ్ నమ్మలేదు. ఏడాదిలో అంత మార్పు రాదన్నాడు. కంచె చుట్టూ తిరిగే ముసలి కొండ పాండా పెంటికను గ్వేలాన్ చూసుకోకుండా ఎత్తిందన్నాడు. సంతకం పడితే షాన్యా తిరిగి బోనుకి, రొట్టెలకి పోతుంది.

మూడో తరగతితో బడి మానేసిన గ్వేలాన్ ఇరవై ఏళ్లు మందువేళ్లు తవ్వింది. ఆ పనివాళ్లు అమ్మే ప్రతి వేరులోనూ ఒక ముక్క విరిచి, మొక్కజొన్న పొత్తు రేకులో చుట్టి చూరుకి కట్టుకుంటారు. కొన్నవాడు రేపు నకిలీదంటే చూపించడానికి. ఇక్కడ చేరాక పెంటికలకూ ఆమె అదే చేసింది. ఆ చూరు చూసి మేమంతా నవ్వేవాళ్లం. ఇప్పుడు జల్లెడలో కడిగింది అక్కడి నుంచి దించిన ఆ నమూనా తాలూకు ముక్కే.

"అక్కా, ల్యాబులో అంతంత యంత్రాలున్నాయి. నీ చూరు కింది పెంట వాటితో పోటీ పడుతుందా?" అన్నాడు పాంగ్.

"అది ఎవరి పెంటో యంత్రానికేం తెలుసు సార్? నేను రాసిన చీటీయే దానికి తెలుసు. ఆ చీటీ తప్పంటున్నారు మీరు. ఇదిగో స్కేలు, కొలవండి."

అరగకుండా బయటికొచ్చే వెదురు ముక్కల్లో ఏ పాండా కొరుకు దానిదే. ముసలిదాని ముక్క పొడుగు, పడుచుదాని ముక్క పొట్టి. పలక మీది యాభై ముక్కలూ ముప్ఫై రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వచ్చాయి. ముసలి పాండా పేరున్న రేకు విప్పి కడిగితే ముప్ఫై తొమ్మిది.

ఇంకో పడుచు పాండా ఏదైనా వచ్చి ఉండొచ్చుగా అని పాంగ్ నసిగాడు. గ్వేలాన్ అతణ్ణి కంచె దగ్గరికి తీసుకెళ్లింది. షాన్యా వెదురు నమిలి, వాళ్ల కళ్లముందే పెంటిక వేసి లేచిపోయింది. దాని పైపొరలోని ముక్కలు కొలిస్తే అవీ ముప్ఫై రెండు మిల్లీమీటర్లే.

ఆమె కొత్త చేతి తొడుగులు వేసుకుంది. పెంటికను చీల్చి, నేల తగలని లోపలి భాగాన్ని గొట్టంలో నింపి మూత బిగించింది.

"మీ కాగితం మీద నేను సంతకం చెయ్యను. దగ్గరుండి చూశారుగా, ఈ గొట్టం చీటీ మీద మీరు చెయ్యండి."

పాంగ్ స్కేలు పక్కన పెట్టాడు. పెన్ను తీసి చీటీ మీద సంతకం చేశాడు.

గ్వేలాన్ మిగిలిన సగాన్ని రేకులో చుట్టి జేబులో వేసుకుంది. గొట్టాన్ని మంచుపెట్టెలో పెట్టి, నగరంలోని ల్యాబుకి వెళ్లే వ్యాను డ్రైవరు చేతికిచ్చింది.