సీతమ్మవారి మెడలో రెండు సూత్రాలు

నాన్నగారు మరిచిపోతున్నారన్న సంగతి అమ్మ చాలాకాలం దాచింది. పిట్టలవానిపాలెం దగ్గర మా ఊరి రామాలయానికి ఆయనే అర్చకులు. నేను తెనాలిలో కాలేజీ లెక్చరర్ని. ఆ ఏడు శ్రీరామనవమి ముందు అమ్మ ఫోన్ చేసి, "ఈసారి కల్యాణానికి నాన్నగారి పక్కన నువ్వు కూర్చోవాలిరా," అంది.

వెళ్ళాక వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది. నైవేద్యం పెట్టి కూడా, పెట్టానా అని అడుగుతున్నారట. రేపల్లెలో డాక్టరుకు చూపిస్తే ఇది తగ్గే జబ్బు కాదన్నాడట. "ఊళ్ళో తెలిస్తే ఇంకొకర్ని పెట్టుకుంటారు. గుడి లేకపోతే ఆయన ఏమైపోతారో," అంది.

పందిట్లో ఊరంతా కూర్చుంది. మైకు ముందు నాన్నగారు, పక్కన నేను. జీలకర్రా బెల్లం దాకా ఒక్క అక్షరం తడబడలేదు. మంగళసూత్రం పైకెత్తి అందరికీ చూపించారు. మేళం ఆగింది. ఆయనా ఆగిపోయారు.

మంత్రం మొదటి మాట చెవిలో అందించాను. కొత్త మనిషిని చూసినట్టు నా వంక చూశారు. మళ్ళీ అందించాను. ముందు వరసలోంచి ఆలయ కమిటీ పెద్ద లేచాడు.

"ఆగారేంటండి పంతులుగారూ? ముహూర్తం దాటిపోతోందండి!"

నాన్నగారు రాములవారి వైపు తిరిగారు. మామూలు మాటల్లో, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అన్నారు: "అయ్యా, నోటికి రావట్లేదు. ఇన్నాళ్ళూ నువ్వు పలికిస్తేనే పలికాను. ముడి వేస్తున్నాను. అమ్మను కష్టపెట్టకు."

మైకులో ఊరంతా విన్నది. ఆయన సూత్రం కట్టేశారు. మేళగాళ్ళు వాయించాలో వద్దో తెలియక కమిటీ పెద్ద వంక చూస్తున్నారు. వెనకనుంచి ఒక ముసలమ్మ అక్షింతలు వేసింది. మరి కొందరు వేశారు. చాలామంది వెయ్యలేదు.

"మంత్రం లేని పెళ్ళి పెళ్ళేంటండి? ఊరికి అరిష్టం వస్తే ఎవరిది పూచీ?" అంటూ కమిటీ పెద్ద బాపట్లకు ఫోన్ చేశాడు. అక్కణ్ణించి ఇంకో అర్చకుడు వచ్చేదాకా ఎవరూ పందిరి వదిలి కదల్లేదు, ఎవరూ మాతో మాట్లాడలేదు.

వచ్చినాయన కుర్రవాడు. కమిటీ పెద్ద ఆ కుర్రవాడితో, "ముందు ఆ సూత్రం తీసెయ్యండి," అన్నాడు.

అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ అమ్మ గబగబా మండపం దగ్గరికి వచ్చింది. ఊరి మగవాళ్ళ ఎదుట ఆవిడ గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు.

"కట్టిన తాళి తెంచుతారేంటండీ? మీ ఇళ్ళల్లో చేస్తారా ఆ పని?"

కమిటీ పెద్ద మొహం కందగడ్డలా అయింది. కుర్ర అర్చకుడు సీతమ్మవారి మెడ వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. "నేను తియ్యనండి. తీయమంటే వెళ్ళిపోతాను," అన్నాడు.

చివరికి మొదటి సూత్రం అలాగే ఉంచి, మంత్రంతో రెండోది కట్టాడు. అప్పటికే మండపం దిగి జనంలో కూర్చున్న నాన్నగారు అందరికంటే ముందు అక్షింతలు వేసి, "పెళ్ళి ముచ్చటగా జరిగిందిరా," అన్నారు నాతో. నాకు ఏడుపాగలేదు.

మర్నాడు గుడి తాళాలు నేనే కమిటీ పెద్దకు ఇచ్చి వచ్చాను. ఇప్పుడు అమ్మా నాన్నగారూ తెనాలిలో మా దగ్గరే ఉంటున్నారు. నాన్నగారికి సంధ్యావందనం కూడా గుర్తులేదు. పొద్దున్నే దేవుడి అలమర ముందు నిలబడి ఏవేవో కబుర్లు చెబుతుంటారు. అమ్మ మాత్రం ఆ ఊరి వాళ్ళు ఎవరొచ్చినా లోపలిగదిలోంచి బయటికి రాదు.