తూములో దూరిన నక్క

అరకులో మా కాఫీ గింజల కొట్టు మెట్ల దగ్గర, రోడ్డు కింద నుంచి ఒక సిమెంటు తూము పోతుంది. పక్కనే హోటళ్లవాళ్లు చెత్త పోసే పల్లం. మామూలు రోజుల్లో నక్కలు సందె వాలకముందే అక్కడికి వస్తాయి. బిర్యానీ ఎముకలు కొరుక్కుంటూ, మనిషి దగ్గరికి వెళ్లినా తలెత్తవు. చైత్రంలో గిరిజనుల వేట పండగ, ఇటుకల పండగకు ఊళ్లవాళ్లు విల్లంబులతో కొండెక్కి వేట మొదలుపెడితే ఆ ధీమా పోతుంది. కొండ మీది నక్కలు కూడా పట్నంలోకి దిగుతాయి. అలాంటప్పుడు ఇక్కడ ఎక్కువ కనబడాలి కదా, తక్కువ కనబడతాయి. నా లెక్కలు బడిలో నేర్చినవి కావు, గింజలు తూచి తూచి వచ్చినవి. ఈ లెక్క మాత్రం చాలా ఏళ్లు తేలలేదు. చివరికి తెలిసింది, అవి ఎక్కడికీ పోవు. కూత మానేసి పగలంతా దాక్కుంటాయి.

మొన్నటి పండగకు మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆమె తమ్ముడు రెండు కుక్కలతో ఒక నక్కను తరుముకుంటూ మా కొట్టు దాకా వచ్చాడు. అది తూములో దూరింది. కుక్కలు చెరో చివర కాపలా కూర్చున్నాయి.

"నక్కని ఏటి సేసుకుంటావురా? తింటావేటి?" అన్నాను.

"తినడానికేటి బావా! ఉట్టి సేతుల్తో ఎల్తే ఆడోళ్లు పేడనీళ్లు కొట్టరా? బకెట్టు పట్టుకుని ముందు నిలబడీది మా అప్పే, మీ ఇంటిదే."

"సంతలో కోడిని కొనిస్తాను, అడవికోడని సెప్పుకో, బేగి ఎల్లిపో."

"సంత కోడి కాలికి తాడు గాటుంటాది. అప్ప ముందు కాలే సూత్తాది. పోయినేడు మా సిన్నాన్నకి రెండు బకెట్లు పడ్డాయి. ఒకటి వేట తేనందుకు, ఇంకోటి అబద్ధానికి."

వాడు ఎండుటాకులు తెచ్చి తూము నోట్లో కూరి అగ్గిపెట్టె అడిగాడు. ఇస్తే నక్క పొగకు చస్తుంది. ఇవ్వకపోతే వాడు ఊరందరి ముందు తడవాలి, ఆ కోపం పండగతో పోదు. ఎటు వేసినా శేషం మిగులుతోంది.

"ఇవ్వను. నాకూ ఒక బకెట్టు ఉంచమని మీ అప్పకి సెప్పు. నీ పక్కనే నిలబడతాను" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు ఒకటి సాలదు బావా" అని, ఆకులు కాలితో తన్ని, కుక్కలను పిలుచుకుని పోయాడు.

నక్క బయటికి రాలేదు. వంగి చూస్తే ఇంకా లోపలికి జరిగింది. ఊరికి వెళ్లాలంటే కొట్టు మూయాలి; షట్టరు దించితే ఆ చప్పుడుకు బెదిరి రోడ్డు మీదికి దూకుతుంది. టూరిస్టు బస్సులు దిగే వేళ. ఫోన్ మోగింది.

"బావా, నీ బకెట్టు నిండా కలిపి ఉంచారు. బయల్దేరావా?"

"వస్తన్నాను" అన్నాను, మెట్ల మీంచి లేవకుండానే.