అంతోనయ్య మూల

ఇప్పుడు పొద్దున లేవంగనే ముందు మా వాకిలి ఊడ్చి సాన్పి చల్లుతున్న. ఆ తర్వాతనే ఇంటెనక ఆట కోర్టుకు పోతున్న. ఇంతకుముందు గట్ల కాదు. ముందు కోర్టు, తర్వాతనే వాకిలి. పొరుగింటి విశ్రాంతమ్మ రోజూ గోడ మీది నుంచి నవ్వేది.

"ఏందే ఆరోగ్యమ్మా, ఇంటి ముందర దుమ్ము లేస్తుంటే ఇంటెనక పెండనీళ్ళు చల్లుతున్నవ్. మీ చుట్టాలు ఎనక దిక్కు నుంచి వస్తరా?"

నేను జవాబిచ్చే లోపలనే మంచంలో కండ్లు మూసుకొని పండుకున్న మా ఆయన అరిచేది. "పిల్లా, నా మూల మరువకు!"

మా ఆయన పేరు అంతోనయ్య. ఇల్లందు పక్కన బొగ్గుబాయి క్వార్టర్ల లైన్లలో మాది చివరి ఇల్లు. మా ఇంటి తర్వాత మైదానం ముక్క, దాని తర్వాత టేకు చెట్లు, ఇంక అంతా అడివే. ఆయన బాయి టింబర్ యార్డులో మజ్దూర్. లారీల్లో వచ్చిన దుంగలు దింపుడు, బాయి లోపల కప్పు కూలకుండ ఆపు పెట్టే కట్టెలు కోసి పంపుడు, అదీ ఆయన పని. ఆ చేతులు మెత్తగ ఏదీ పట్టుకోలేకపోయేవి. చంటిపిల్లను ఇచ్చినా దుంగను ఎత్తుకున్నట్టే భుజం మీద ఎత్తుకునేటోడు.

అట్లాంటి మనిషికి బాల్ బ్యాడ్మింటన్ పిచ్చి పట్టింది. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. బాయిల పనిచేసే పిల్లలు మా ఇంటెనక రెండు వెదురు కట్టెలు పాతి నెట్టు కట్టిండ్రు. పెద్ద నిమ్మకాయంత పసుపుపచ్చ ఉన్ని బంతి, ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. బంతి కింద పడొద్దు. ఆట అంటే అంతే. మా ఆయనకు అప్పటికే ముప్పై దాటింది. పోయి నేను కూడ ఆడుత అన్నడు.

ఆయన కొడితే బంతి నెట్టు దాటేది, గీత దాటేది, పోయి టేకు చెట్లల్ల పడేది. అందరు ఆట ఆపి బంతి కోసం ముండ్లల్ల దేవులాడేది. తండా నుంచి వచ్చే ధన్‌సింగ్ అని ఒక చురుకైన పిల్లగాడు ఉండె. నెట్టు దగ్గర ఆడుటానికి వాన్ని మించినోడు లేడు. వాడు అనేది, "మామా, అది బంతి. దుంగ కాదు. నువ్వు లారీ మీదికి విసరకు."

ఆఖరికి వాళ్ళందరు కలిసి మా ఆయనను ఎడమ దిక్కు ఎనక మూలల నిలబెట్టిండ్రు. అక్కడికి బంతి తక్కువ వస్తదని. మా ఆయనకు ఆ సంగతి తెల్వక కాదు. "రానీ, రాకపోనీ. ఆ మూల నాది" అన్నడు. రెండు మడిమలు మట్టిలకు దిగేసి, నడుము వంచి, చెరువు గట్టున చేప కోసం చూసే కొంగ లెక్క నిలబడేటోడు. ఎప్పుడన్న ఒక బంతి అటు వస్తే "నాకే! నాకే!" అని లైన్లన్నీ వినబడేటట్టు అరిచేది. ఆ అరుపుకు తక్కినోళ్ళు జరిగేది. ఆయన బ్యాట్ ఊపేది. బంతి ఆయన పక్కన మెల్లగ కింద పడేది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంట చెప్పేటోడు, "ఇయ్యాల రెండు తగిలినయ్ పిల్లా!" వాళ్ళు గెలిచిండ్రా ఓడిండ్రా అని అడిగితే మాత్రం యాదికి ఉండకపోయేది.

అందరికన్న మంచిగ ఆడేటోడు జకర్యా. బాయిల ఎలక్ట్రీషియన్. ప్రతి ఆదివారం వాళ్ళ చర్చికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకొని పోతడు. మాది కతోలిక గుడి, వాళ్ళది వేరే. కోర్టుల కూడ అంత పద్ధతే. నవ్వడు. ఒకరోజు గులకరాళ్ళ మీద జారి వాని మోకాలు చెక్కుకపోయింది. మా ఆయన అది చూసి తెల్లారి సైకిల్ మీద అడివికి పోయి సంచుల్ల పుట్టమన్ను తెచ్చిండు. నేను, విశ్రాంతమ్మ దాన్ని పెండతోటి కలిపి తొక్కి కోర్టు మొత్తం అలికినం. ఇల్లు అలికినట్టే. ఎండినంక అరచెయ్యి లెక్క నున్నగ అయింది. అది పగులకుండ ఉండాలంటే రోజూ ఊడ్చి సాన్పి చల్లాలె. ఆ పని నాకు పడ్డది. వేరే బాయిల నుంచి పేరున్న ఆటగాండ్లు మా కోర్టు మీద ఆడుటానికే వచ్చేటోళ్ళు. వచ్చినోళ్ళందరికి మా ఆయన, "మా ఇంటిది అలికింది" అని చెప్పేటోడు. నాకు సిగ్గయ్యేది. కాని బాగనే ఉండేది.

ఒక ఎండాకాలం కొత్తగూడెంల పెద్ద పోటీలు పెట్టిండ్రు. జకర్యా అందరిని కూసోబెట్టి చెప్పిండు. అయిదుగురు ఖాయం, రోజూ చీకటి పడేదాక వాళ్ళే ఆడాలె. మా ఆయన దిక్కు తిరిగి, "మామా, పోటీ అయిందాక నువ్వు బయట కూసో" అన్నడు.

"అవ్, నిజమే. నేను పాయింట్లు చెప్త తియ్" అన్నడట మా ఆయన.

నాకు అప్పుడు ఈ ముచ్చట తెల్వదు. ఇంటికొచ్చి బ్యాట్‌ను మేకుకు తగిలేసిండు. "ఎన్ని తగిలినయ్?" అని అడిగితే "ఇయ్యాల గాలెక్కువ" అన్నడు. తెల్లారి నేను చీపురు పట్టుకొని ఎనకకు నడిచిన. మంచంలకెల్లి అరుపు రాలే. తిరిగి చూసిన. కండ్లు తెరిచే ఉన్నయ్, కప్పు దిక్కు చూస్తున్నడు. అరుపు లేక నా కాళ్ళు ముందరికి పోలే. ఆ సాయంత్రం గోడ మీది నుంచి చూస్తే ఆయన బండరాయి మీద కూసొని పాయింట్లు చెప్తున్నడు. మంచిగనే చెప్తున్నడు. కాని రాయి మీద కూసొని కూడ మడిమలు నేలకు దిగేస్తున్నడు.

అంతకుముందు ఎవరి మాటకు ఎదురు చెప్పినదాన్ని కాదు. చీపురు గోడకు ఆనించిన. అంతే. తెల్లారి కోర్టు ఊడ్వలే, సాన్పి చల్లలే. మర్నాడూ అంతే. ఎండ దంచుతున్నది. అలికింది పెచ్చులు పెచ్చులు లేచింది. దుమ్ములేచి నెట్టు దగ్గర ధన్‌సింగ్ దగ్గుకుంట ఆడుతున్నడు. ఇంకో రోజుకు జకర్యా జారి పడ్డడు. మోచెయ్యి ఊదుకుంట మా వాకిట్లకొచ్చిండు. ధన్‌సింగ్ వాని ఎనక నిలబడ్డడు.

"అత్తా, పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న బిడ్డా."

"మరి కోర్టుకు నీళ్ళు..."

"మా వాకిట్ల చల్లుకుంటున్న. ఈ విశ్రాంతమ్మ ఎన్నేండ్ల సంది పోరుపెడ్తున్నది."

మా ఆయన లోపలి నుంచి ఉరికొచ్చిండు. "ఏందే ఇది! పిల్లలు పోటీకి పోతున్నరు, వాళ్ళ ఆట చెడగొడ్తవా?"

"నేనేం చెడగొట్టిన? నేను చల్లింది ఆ మూలల నిలబడేటాయన కోసం. ఆయన ఇప్పుడు రాయి మీద కూసుంటున్నడు. రాయికి సాన్పి ఎందుకు?"

అనేసి నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది. కొంగు నడుముకు చెక్కుకున్న. మా ఆయన నా దిక్కే చూసిండు. జకర్యా నేల చూపులు చూసుకుంట, "మేము గెలవాలె అత్తా" అన్నడు.

"గెలువుండ్రి బిడ్డా. నేనొద్దన్ననా?"

"ఆదివారం ఆదివారం మామ ఆడుతడు."

"ఆదివారం మాకు గుడి ఉంటది."

"మీ పూజ పొద్దునే అయిపోతది కద అత్తా!"

"రోజూ ఆడాలె."

ధన్‌సింగ్ మధ్యల పడ్డడు. "రోజూ ఆఖరి గేము మామది, అన్నా. చీకటైతే మనకెట్లాగు బంతి కనబడదు."

విశ్రాంతమ్మ గోడ మీది నుంచి, "మీ మామకు పట్టపగలు కూడ కనబడదు. ఇంక బాధేముంది?" అన్నది. జకర్యాకు నవ్వు రాబోయి ఆగింది. సరే అన్నడు. తెల్లారి నేను చీపురు అందుకోకముందే మంచంలకెల్లి అరుపు వచ్చింది. "పిల్లా, నా మూల మరువకు!"

కొత్తగూడెంల మావాళ్ళు మొదటి ఆటలనే ఓడిపోయిండ్రు. బస్సు దిగి ఎవరింటికి వాళ్ళు పోయిండ్రు. తర్వాత కోర్టుకు ఒక్కరు రాలే. నేను పొద్దున చల్లేది, సాయంత్రానికి అది ఊకనే ఎండేది. జకర్యా ఇస్త్రీ చొక్కా కూడ మానిండని వాళ్ళమ్మ చెప్పింది.

మా ఆయన కొన్నాళ్ళు చూసిండు. ఒకరోజు షిఫ్టు దిగి వచ్చి తనే నెట్టు కట్టిండు. పోయి తన మూలల మడిమలు దిగేసి నిలబడ్డడు. అవతల ఎవరు లేరు. "నాకే! నాకే!" అని అరిచిండు. లైన్లల్ల ఆడోళ్ళు గిన్నెలు వదిలేసి బయటికొచ్చిండ్రు. విశ్రాంతమ్మ, "అయ్యో, మీ ఆయనకు గాలి సోకిందే!" అన్నది. ఆయన మళ్ళ అరిచిండు, "నాకే!"

జకర్యా లుంగీ మీదనే వచ్చి గీత అవతల నిలబడ్డడు.

"ఎవరు కొట్టకుంటే నీకు బంతి ఎట్ల వస్తది మామా?"

"నువ్వు కొడితే వస్తది."

జకర్యా లుంగీ ఎగగట్టిండు. బ్యాట్ తీసుకొని మూల దిక్కు మెల్లగ ఒక బంతి వేసిండు. మా ఆయన దుంగ ఎత్తినట్టు ఒక్క ఊపు ఊపిండు. బంతి పోయి టేకు కొమ్మల్ల ఇరుక్కున్నది. దాన్ని దింపుటానికి ధన్‌సింగ్ చెట్టెక్కిండు. ఆ చెట్టు కింద నిలబడి జకర్యా నవ్విండు. కడుపు పట్టుకొని నవ్విండు. కోర్టు మీద వాడు నవ్వుడు అందరు అప్పుడే చూసిండ్రు.

అప్పటి సంది ఆఖరి గేముకు "మామ గేము" అని పేరు పడ్డది. కప్పులు గెలిచేటోళ్ళు కూడ ఆ గేముకు ఆగేటోళ్ళు. తర్వాత పదేండ్లల్ల మా కోర్టు పిల్లలు చాలా కప్పులు తెచ్చిండ్రు. మా ఆయన వల్ల తెచ్చిండ్రని నేను చెప్ప. ఆయన వల్ల ఒక్క పాయింటు వచ్చిందో లేదో. కాని ఓడి వచ్చిన రోజు కూడ సాయంత్రం కోర్టుకు రావడం వాళ్ళు మానలే.

పోయిన ఏడు తపసుకాలంల, ఈస్టరు పండుగకు ముందు, ఆయన పోయిండు. గుండెనొప్పి. దవాఖానాకు తీసుకపోయే టైము కూడ ఇయ్యలే. ముందు రోజు పొద్దుగూకేదాక ఆ మూలలనే ఉన్నడు. "ఇయ్యాల మూడు తగిలినయ్" అని అన్నం తిని పండుకున్నడు.

చాన్నాళ్ళు నేను ఇంటెనకకు పోలే. కోర్టు పగుళ్ళు వచ్చింది. ఒక పొద్దున వాకిట్ల సైకిల్ చప్పుడైతే తలుపు తీసిన. జకర్యా. ఇద్దరు పిల్లల తండ్రి అయిండు ఇప్పుడు. సైకిల్ మీద సంచుల్ల పుట్టమన్ను ఉన్నది.

"అత్తా, నీకు చాతనైతేనే" అన్నడు.

నేను, విశ్రాంతమ్మ మళ్ళ మన్ను తొక్కినం. జకర్యా బొక్కెనలతోటి నీళ్ళు మోసిండు. అలుక్కుంట అలుక్కుంట ఎడమ దిక్కు ఎనక మూలకు వచ్చినం. అక్కడ రెండు గుంటలు. పక్కపక్కన, మడిమంత మడిమంత. ఎన్నేండ్లు నిలబడితే పడ్డయో. విశ్రాంతమ్మ దోసెడు మన్ను తీసి పూడ్చబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్న.

"ఉండనీ."

"ఆడేటోళ్ళ కాళ్ళు పడుతయే!"

"పడనీ."

పడ్డయ్. ఆ సాయంత్రమే ధన్‌సింగ్ ఎనకకు జరుగుకుంట ఆ గుంటల కాలేసి వెల్లకిల పడ్డడు. "ఓ మామా! పోయినంక కూడ ఆట ఆపవా!" అని పడ్డకాడనే అరిచిండు. అందరు నవ్విండ్రు. గోడ ఇవతల నేను కూడ నవ్విన. అంతలనే కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. కొంగుతోటి తుడుచుకొని మళ్ళ చూసిన. అప్పటికే మామ గేము మొదలైంది.

ఇప్పుడు రోజూ వాకిలి అయినంక కోర్టు మొత్తం ఊడ్చి చల్లుతున్న. ఆ మూలకు మాత్రం చీపురు పోనిస్తలే, నీళ్ళు పోనిస్తలే. అక్కడ మన్ను వేరే రంగుల ఉంటది. విశ్రాంతమ్మ గోడ మీది నుంచి రోజూ చెప్తది, "ఆరోగ్యమ్మా, ఆ మూల మిగిలిందే!"

"అవ్, మిగిలింది" అని బొక్కెన తీసుకొని ఇంట్లకొస్తున్న.