గడప మీద పసుపు ఎర్రబడిన శుక్రవారం

కింద రాసిన ప్రతి అక్షరమూ సత్యమని, వెలుగుతున్న స్పిరిట్ దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

వై.టు.కె. వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఊరంతా చెప్పుకుంటున్న ఏడాది, పంజాగుట్టలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. డెమాన్‌స్ట్రేటర్ అంటే లెక్చరర్ కంటే ఒక మెట్టు కింద, అటెండర్ కంటే అర మెట్టు పైన. పాఠం చెప్పే అధికారం లేదు. గాజుసామాను పగిలితే జవాబు చెప్పే బాధ్యత మాత్రం ఉంది. నేను చేరిన కొద్ది రోజులకే యాజమాన్యం ల్యాబులో సింకులు పీకించి మానిటర్లు పెట్టించింది. ఫైనలియర్ కెమిస్ట్రీలో చివరికి నస్రీన్ ఒక్కతే మిగిలింది. తక్కినవాళ్లు అమీర్‌పేటలో జావా కోర్సుకు ఫీజు కట్టారు. నస్రీన్‌కు ఎమ్మెస్సీ సీటు కావాలి; అందుకు ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కాలి. సాధనకు చోటే లేదు. సరే, అమీర్‌పేటలో నేను అద్దెకున్న ఇంటి వసారాలో, ఓనరు సుభద్రమ్మ గారి గుమ్మం ఎదుటే ల్యాబు తెరిచాను.

బ్యూరెట్ అనే కొలత గాజు గొట్టాన్ని కిటికీ ఊచకు నిలువుగా కట్టాను. దాని కింద తెల్ల బాత్రూం టైలు ముక్క పెట్టాను. రంగు మారిన క్షణం తెల్లదనం మీదే తెలుస్తుంది. గాజు శుభ్రపడిందో లేదో ఆఖరి కడుగు చెబుతుంది: నీళ్లు పల్చని పొరలా జారితే సరే, బొట్లుబొట్లుగా నిలిస్తే మళ్లీ కడగాలి. యాసిడ్‌ను నీళ్లలో పొయ్యాలి గాని నీళ్లను యాసిడ్‌లో కాదు. ల్యాబు గిన్నె వంటింటి మొహం చూడకూడదు. చుక్కచుక్కగా యాసిడ్ వదిలి రంగు మార్చే మా టైట్రేషన్ చూడ్డానికి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల కుర్రాళ్లు గేటు దగ్గర వరస కట్టి, "ఈ కోర్సు ఎన్నాళ్లన్నా, ప్లేస్‌మెంట్ ఉంటదా?" అని అడిగేవాళ్లు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పినవాణ్ని, మిగిలిన ద్రావణం ఎక్కడ పారబొయ్యాలో ఆలోచించలేదు. గురువారం సాయంత్రం బట్టల సోడా నీళ్లను వసారాలోంచే కాలువలోకి విసిరాను. కొన్ని సుభద్రమ్మ గారి గడప మీద పడి ఆరిపోయాయి. శుక్రవారం పొద్దున్నే ఆవిడ గడపకు పసుపు రాశారు.

"ఏంటి మాస్టారూ ఇది?" అన్నారు. ఆవిడది కాకినాడ వైపు. "పసుపు రాసి ఇటు తిరిగేలోగా నెత్తురు రంగొచ్చింది. ఎవరో ఏదో చేయించారు. మీ సీసాలొచ్చాకే ఈ అరిష్టం. సాయంత్రానికి వసారా ఖాళీ చేసెయ్యండి."

సోమవారమే పరీక్ష, అదీ వేరే కాలేజీ ల్యాబులో. వసారా పోతే నస్రీన్ మళ్లీ బ్యూరెట్ పట్టేది పరీక్ష గదిలోనే.

క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని చెప్పాను. ఆవిడ వినలేదు. ఆమ్లం పడితే మళ్లీ పసుపవుతుంది కదా, కళ్లారా చూపిద్దామని గడప దగ్గర కూర్చుని నిమ్మకాయ కోశాను. ఎర్రటి గడప, కోసిన నిమ్మకాయ. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, "అయితే చేసింది మీరేనన్నమాట," అన్నారు. రసం పడిన చోట ఎరుపు విరిగి మళ్లీ పసుపైంది గాని చూసేవారెవరు?

అప్పుడే వచ్చిన నస్రీన్ కల్పించుకుంది. "అమ్మా, జర ఆగుండ్రి. దిష్టి తీస్తరు కదా, గా ఎర్రనీళ్లు ఎట్ల చేస్తరు?"

"పసుపు నీళ్లలో సున్నం కలుపుతాను. అందులో ఏముంది?"

"గంతే కదమ్మా. సార్ పారబోసిన సోడా సుత సున్నం లెక్కనే. మీ గడపకు సార్ దిష్టి తీసిండు, ఫికర్ చెయ్యకుండ్రి."

సుభద్రమ్మ గారు లోపలికి వెళ్లి ఆకులకు రాసే సున్నం తెచ్చారు. ఒక గిన్నెలో పసుపు, సున్నం. మరొక గిన్నెలో పసుపు, సోడా. తానే కలిపి చూసుకున్నారు. రెండూ ఎర్రబడ్డాయి. ఇందులో చేతబడి లేదని ఒప్పుకుని, వసారా ఉంచుకోమన్నారు. నస్రీన్ పరీక్ష గట్టెక్కి ఎమ్మెస్సీలో చేరింది.

ఇంట్లో ల్యాబు పెట్టేవారు గ్రహించవలసింది ఇది. ద్రావణం ఎలా తయారుచెయ్యాలో తెలిస్తే సగం పనే. అది ఏ దారిన బయటికి పోతుందో కూడా ముందే చూసుకోవాలి. ఎవరికైనా నచ్చజెప్పాల్సి వస్తే వాళ్లు రోజూ చేసే పనితో మొదలుపెట్టాలి, నిమ్మకాయతో కాదు.

ఇక ప్రమాణం సంగతి. ఒక్కచోట కల్పించాను. చేతబడి లేదని సుభద్రమ్మ గారు ఒప్పుకోలేదు. కలిపినవి వృథా ఎందుకంటూ నన్నూ, నస్రీన్‌నూ, కిటికీ ఊచకున్న బ్యూరెట్‌నూ కలిపి ముగ్గురికీ దిష్టి తీసి, ఆ తరవాతే వసారాలో ఉండనిచ్చారు. ఎరుపు చిక్కగా వచ్చిందని సోడా గిన్నెనే ఎంచుకున్నారు.