దానియేలు ముక్కు, నా నాలుక

నిన్న పొద్దున నాచారం నుంచి ఫోన్. మేరీ చెల్లె గొంతు.

"అన్నా, మీ బావ లేస్తలేడు."

నిద్ర లేవట్లేదనుకున్నాను. "ముఖం మీద నీళ్లు కొట్టు, లేస్తడు" అన్నాను.

అవతల ఏడుపు.

ఉప్పల్ నుంచి ఆటోలో పావుగంట. నేను వెళ్లేసరికి దానియేలును హాల్లో చాప మీద పడుకోబెట్టారు. నిద్రలోనే గుండె ఆగిందట.

వారం రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు. అది ఎందుకన్నది ఇవాళ రాయకపోతే నాకు ఊపిరాడదు.

తెలియనివాళ్లకు చెప్పాలి. దానియేలు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మసాలా పొడుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు క్వాలిటీ చూశాడు. ల్యాబ్ రిపోర్ట్ కంటే ముందు అతని ముక్కు. గుప్పెడు ధనియాలు నలిపి "ఇది తడిసిన సరుకు" అన్నాడంటే లారీ వెనక్కి తిరగాల్సిందే.

ఒకసారి ప్యాకింగ్ మెషిన్ బిగించడానికి ఇటలీ ఇంజనీర్ ఒకాయన వచ్చి, పోతూ పోతూ ఒక రెడ్ వైన్ బాటిల్ చేతిలో పెట్టాడు.

అంతే. ఆ ముక్కుకు కొత్త పిచ్చి పట్టింది.

ఇక్కడ కాస్త పక్కకు పోతాను, ఏమనుకోకండి. మన దగ్గర సందుకో "వైన్స్" బోర్డు ఉంటుంది కదా. మేమిద్దరం వెళ్లి ఇటలీ వైన్ అడిగాం. కౌంటర్లో ఆయన మమ్మల్ని కిందా మీదా చూసి, "వైన్స్‌ల వైన్ యాడుంటది కాకా?" అన్నాడు. దానియేలు ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

చివరికి సిటీలో ఒక షాపు పట్టుకున్నాడు. ఏడాదికి రెండు మూడు బాటిళ్లు. అన్నీ ఇటలీవే, అన్నీ ఎర్రవే.

"గుటక్కున మింగకు బావా. జర ఆగు. ముందుగాల వాసన సూడు" అనేవాడు.

కియాంటీ అనే వైన్ అంటే పండీ పండని టమాటా, వెనకాల చెర్రీ పులుపు. బరోలో అనే ఇంకో రకం అంటే కొత్తగా తారు పోసిన రోడ్డు మీద గులాబీ దండ తెగిపడ్డట్టు.

తారేంది, గులాబీలేందని నవ్వాను. తర్వాత వాసన చూశాను. నిజం. ఇప్పటికీ ఎక్కడైనా రోడ్డు వేస్తుంటే నాకు గులాబీలు గుర్తొస్తాయి.

మొదటి బరోలో దొరికిన రోజు షాపు నుంచే ఇంటికి ఫోన్ కొట్టాడు. "మేరీ, బరోలో ఉన్నది, తెస్తున్న."

ఆమెకు వినబడింది, "బార్‌లో ఉన్న, వస్తున్న."

"చర్చికి పొయ్యే మనిషికి బార్‌ల ఏం పనయ్యా?" అని తలుపు తీయలేదు. పాపం, కిటికీలోంచి లేబుల్ చూపించి లోపలికి పోయాడు.

అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఏళ్ల తరబడి ఆ ఇంటికి వెళ్తే నా మొదటి మాట, "చెల్లె, మా బావ బార్‌ల ఉన్నడా?"

రెండేళ్ల కింద దానియేలు గుండెకు స్టెంట్ వేశారు. డాక్టర్ చుక్క ముట్టొద్దన్నాడు. అతను ముట్టలేదు. వాసన మాత్రం మానలేదు.

అప్పటి నుంచి బాటిల్ తీసిన ఆదివారం చర్చి కాగానే నాకు పిలుపు. అతను గ్లాసు తిప్పి వాసన చూస్తాడు. నేను ఒక్క గుక్క తాగి రుచి చెప్పాలి.

"ముక్కు నాది, నాలుక నీది. అబద్ధం చెప్పకు బావా."

వగరుగా ఉందంటే ఊరుకునేవాడు కాదు. "ఏ వగరు? వక్కనా? పచ్చి నేరేడా?"

బడి సగంలో మానేసినవాణ్ని. వగరులో ఇన్ని రకాలున్నాయని నాకు చెప్పిన పంతులు అతనొక్కడే.

పోయిన ఆదివారం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఉన్నాను. చుట్టూ బస్సుల హారన్లు. దానియేలు ఫోన్.

"బావా, బార్‌లో ఉన్న. జర జల్ది రా."

నాకు వినబడింది అదే.

ఒళ్లు మండిపోయింది. "సిగ్గుందా నీకు? గుండెల స్టెంటు వెట్టుకొని బార్‌ల కూసున్నవా? సావుపో!" అని కట్ చేశాను.

మళ్లీ చేశాడు. ఎత్తలేదు. అతనే వచ్చి సారీ చెప్పాలని వారమంతా బిగుసుకుని కూర్చున్నాను.

నిన్న సాయంత్రం సమాధుల తోట నుంచి వచ్చాక మేరీ చెల్లె లోపలికి పోయి ఒక బాటిల్ తెచ్చింది.

"పోయిన ఐతారం చర్చి నుంచి రాంగనే మూత తీసిండు అన్నా. ‘గాలి తగలాలె, బావ వచ్చేసరికి మంచిగైతది’ అన్నడు. రెండు గ్లాసులు తుడిచి వెట్టిండు."

"ఇంట్లనే ఉన్నడా?"

"ఇంట్ల గాక యాడుంటడు? నువ్వు రాలే. ‘బావకు కోపమొచ్చింది, వచ్చే ఐతారం మళ్ల పిలుస్త’ అని మూత వెట్టిండు."

లేబుల్ చదివాను.

బరోలో.

నేనేం విన్నానో, ఏం అన్నానో ఆమెకు చెప్పలేకపోయాను. బాటిల్ తీసుకుని వచ్చేశాను. చెల్లె, నువ్వు ఇది చదువుతావు. ఎదురుగా చెప్పే ముఖం లేక ఇక్కడ చెప్తున్నాను.

ఇవాళ ఆదివారం.

ఒక్క గుక్క తాగాను బావా. అబద్ధం లేకుండా చెప్తున్నాను.

పులిసిపోయింది. గులాబీ పోయింది, తారు ఉంది. వగరు ఉంది.

వక్క కాదు. నేరేడు కాదు.

ఏ వగరో నాకు తెలుస్తలేదు.

నెమ్మదిగా పడుకో దానియేలూ. దేవుడు నిన్ను మంచి గాలి తగిలే చోట ఉంచాలి.