కాళ్ళకాడ సాల్తాదా సార్?

మధ్యాహ్నం ఒకటీ పదికి మా లారీ నల్లమాడ దాటి ఆ ఊరు చేరింది. రెండు వేల రెండు, మే నెల. వానలు లేని మూడో ఏడు. పెట్టెలో ఆ ఊరివాడే, మా సెక్షన్ సిపాయి. మంచుచరియ విరిగి మీద పడి చనిపోయాడు. పెట్టె వెంట నలుగురం. మా పైన కర్నూలు వైపు హవల్దారు. పొద్దు దిగేలోపు ఖననం ముగించి, ధర్మవరంలో రాత్రి రైలెక్కాలి. అదీ ఆర్డరు.

ఆ ప్రాంతంవాణ్ణని నన్ను పంపారు. మా ఊరు అక్కడికి పన్నెండు కిలోమీటర్లే. మా నాయన పీనుగులకు గుంతలు తవ్వేవాడు. బడిలో నన్ను "పీనుగోడా" అనేవాళ్ళు. నా పక్కన పలక కూడా పెట్టేవాళ్ళు కాదు. పద్దెనిమిదేళ్ళకు పారిపోయి పట్టాలంలో చేరాను. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే శనక్కాయల సేద్యమన్నాను. ఆరేళ్ళు అదే అబద్ధం. సెలవులకూ ఇంటికి పోలేదు.

ఖననం జరిగే చేలో గాలి లేదు. ఊరంతా నిలబడి ఉంది. గడ్డపార రాతికి తగిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మనిషిలోతు గుంత. తవ్వేవాడు కనిపించడు. ఎర్రమన్ను దానంతటదే ఎగిరి బయట పడుతున్నట్టుంది.

"మా ఊర్లో తవ్వేటోడు బెంగుళూరికి వలసపోయినాడప్పా," ఊరిపెద్ద హవల్దారుతో అన్నాడు. "నల్లమాడ అవతల్నుంచి ముసలోణ్ణి పిలిపిచ్చినాం."

తుపాకీ పట్టుకుని గుంత తలవైపు నిలబడ్డాను. చప్పుడు ఆగింది.

"కొలత సూస్తా," అంది లోపలి గొంతు.

కిందికి చూశాను. నాయన గుంతలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు రొమ్ము మీద. మొహం నిండా మన్ను. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా మీదే. రెప్ప వాల్చలేదు.

"కాళ్ళకాడ సాల్తాదా సార్?"

ఆరేళ్ళ తర్వాత మా నాయన నాతో అన్న మొదటి మాట.

"చాలు," అన్నాను.

నాలుగుంబావుకు పెట్టె దించాం. గాల్లోకి మూడుసార్లు కాల్చాం. అయిదింటికి లారీ కదిలింది.

"ఆ ముసలాయన్ని చూసినావా?" అన్నాడు హవల్దారు. "అచ్చం నువ్వు ట్రెంచి తవ్వినట్టే తవ్వుతాండాడు."

"మా నాయన సార్."

ఆయన గడియారం చూసుకున్నాడు. "బండి తిప్పమంటావా?"

లారీ ధర్మవరం వైపే పోయింది. యూనిట్ చేరాక బంకర్‌లో అన్నాలప్పుడు, మా నాయన పీనుగులకు గుంతలు తవ్వుతాడని అందరి ముందూ నేనే చెప్పేశాను. ఒకడు తన కంచం కాస్త జరుపుకున్నాడు. మిగతావాళ్ళు తినడం ఆపలేదు.

డిసెంబరు సెలవుకి ఇంటికి పోయాను. "ఆ పొద్దు నేను పలకరించి ఉంటే?" అని నాయనను అడిగాను.

"నువ్వెవరో తెలీదని సెప్పుంటా," అన్నాడు. "ఊరంతా సూస్తాంటే ఇంగేం సెప్పల్ల?"

ఆ తర్వాత ఇంకో పదేళ్ళు నౌకరీ చేశాను. ఇప్పుడు ఆయనతోనే ఉంటున్నాను. ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. ఆ రోజు లారీ వెనక పలక మీంచి చూశాను. ఊరివాళ్ళు స్నానాలకు వెళ్ళిపోయారు. ఖాళీ చేలో నాయన ఒక్కడే ఉన్నాడు. నేను నిలబడ్డ చోట గొంతుక్కూర్చుని, నా బూటు పడిన గుర్తులో అరచెయ్యి ఆనించి ఉన్నాడు.