కణేకల్ మళ్లకు నిప్పు పెట్టకముందే

అక్క ఫోన్లో మాట్లాడుతూ ఊపిరి కోసం పదే పదే ఆగింది. ఆమెకు ఆయాసం. కణేకల్ కాలువ కింద వరికోతలు అయ్యాయంటే చాలు, మోళ్లు కాల్చే పొగకు ఇంట్లో కూర్చోలేదు, బయట తిరగలేదు. "మీ బావ రేపు మన మడికీ అగ్గి పెడతాడంట్రా" అంది. ఇక నాకు కాలు నిలవలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికే అనంతపురంలో ఉరవకొండ బస్సెక్కాను. కారు ఇంటి దగ్గరే వదిలేశాను. పొగ గురించి బావతో తగవుకు వెళ్తూ దారంతా నేనే పొగ వదిలితే ఏం బాగుంటుంది? ఉరవకొండలో బస్సు మారాలి, రెండింటి టికెట్లూ కలిపి రెండు వందల రూపాయలు దాటలేదు. కానీ రెండో బస్సు ఎంతకీ కదలదు. "ఎప్పుడు పోతాదన్నా?" అని మళ్లీ మళ్లీ అడిగేసరికి డ్రైవరు విసుక్కున్నాడు. "ఏమప్పా, నువ్వు తోల్తావా?" వెళ్లి నా సీట్లో కూర్చున్నాను.

పదిన్నరకు మడి చేరేసరికి బావ అగ్గిపెట్టెతో గట్టు మీదే ఉన్నాడు. "మిషన్‌తో కోపిచ్చినాక ఈ గడ్డి యాడ పెట్టాల బామ్మర్దీ? కాలిస్తే పురుగు చస్తాది, బూడిద బలం" అన్నాడు. అక్క సంగతి ఎత్తితే, "నాలుగు దినాలు మీ ఇంటికి పిల్చుకపో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మా కేకలు విని, కాలువ పక్కన గొర్రెలు మేపుతున్న పెద్దాయన వచ్చాడు. ఆయనది కంబదూరు. రాత్రిళ్లు పొలంలో మందను నిలిపితే, ఆ ఎరువుకు బదులు రైతు వడ్లు కొలిచివ్వడం ఇక్కడి ఆనవాయితీ. "నాకు వడ్లొద్దన్నా, ఈ గడ్డి ఇయ్యి" అన్నాడాయన. "మా ఊర్లో ఎనుములకు మేత లేదు, ట్రాక్టరు పిలిపిస్తా. మంద నీ మడిలోనే కడతా. మోళ్లు దున్ని నీళ్లు పెడితే అవే మాగిపోతాయి." వడ్లు మిగులుతాయనగానే బావ అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. పెళ్లాం ఊపిరికి కరగనివాడు వడ్లకు కరిగాడే అని కోపమొచ్చింది. అయినా పని జరిగింది కదా!

అక్క పెట్టిన జొన్నరొట్టె తిని, రెండింటి బస్సులో బయలుదేరాను. కాసేపటికే కిటికీలోంచి చూస్తే కాలువ వైపు పొగ. ఫోన్ చేశాను. "మనది కాదులేరా, పక్క మడోళ్లది" అంది అక్క, దగ్గుతూ. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి ఆటో ఎక్కాను. ఇల్లు చేరేసరికి ఆమె తలుపులన్నీ మూసుకుని, గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మాట్లాడలేక చెయ్యి ఊపింది.

మన మడి కాలకపోతే చాలని పొద్దునంతా అనుకున్నాను. పక్క గట్టు దాకా నడిచి ఆ రైతునూ అడగాలని తోచలేదు. మరుసటి రోజు మందాయననూ బావనూ వెంటబెట్టుకుని మిగిలిన మళ్లన్నీ తిరిగాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు కసిరారు. కోతల కాలంలో అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మిషన్ మడిలో దిగకముందే వెళ్లండి, దారిలో కనిపించే మందలవాళ్ల ఫోన్ నంబర్లు అడిగి పెట్టుకోండి. పొగ లేచాక ఎంత తొందరగా వెళ్లినా ఆలస్యమే.